బోరింగు వేశాక వాషరు ఎవరు మారుస్తారు?

సంపాదకులకు నమస్కారం.

ఓఎంఆర్‌లో ఆఫీసు గేట్ల దగ్గర, వేళచ్చేరి మాల్స్ బయట ట్యాబ్‌లు పట్టుకుని నిలబడే యువతీయువకులను చెన్నై తెలుగువారు చూసే ఉంటారు. అంతర్జాతీయ సేవాసంస్థల తరఫున నెలనెలా ఇంత ఇవ్వమని అడుగుతారు. నెర్రెలిచ్చిన చెరువు ఫొటో ఒకటి, బోరింగు కొడుతున్న చిన్నపిల్ల ఫొటో ఒకటి చూపిస్తారు. ఇవ్వవద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. తప్పకుండా ఇవ్వండి. కాని ఆ రెండో ఫొటో బోరింగు బిగించిన రోజున తీసిందా, మూడేళ్ల తర్వాత తీసిందా అని ముందు అడగండి. ఆ ఊరి పేదరికం మీద ఆ డబ్బు ఏమైనా పనిచేసిందా లేదా అన్నది మూడో ఏడుకే తేలుతుంది.

ఈ ప్రశ్న అడగడానికి మన ఊరికి ప్రత్యేకమైన హక్కుంది. ఆసియా, ఆఫ్రికా పల్లెల్లో లక్షలాదిగా కనిపించే ఇండియా మార్క్-2 చేతిపంపు తయారైంది మద్రాసులోనే. 1967 కరువులో యునిసెఫ్ రాతి నేలను తొలిచే రిగ్గులను మన దేశానికి తెచ్చింది. బోర్లు పడ్డాయి, నీళ్లూ పడ్డాయి. వాటి మీద బిగించిన పోత ఇనుప పంపులు మాత్రం విదేశాల్లో ఒక్కో రైతు కుటుంబం కోసం చేసిన వాటికి నకళ్లు. రోజుకు పది బిందెలు తోడాల్సిన పంపును ఊరు ఊరంతా కొడితే ఏమవుతుంది? 1970ల మధ్యలో లెక్క చూసుకుంటే నాలుగింట మూడు పంపులు మూలపడి ఉన్నాయి. అప్పుడు షోలాపూర్‌లో వాడుకలో ఉన్న ఉక్కు పంపును తీసుకుని, మద్రాసులోని మెరాడో పరిశోధన సంస్థ, రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కర్మాగారం, యునిసెఫ్ కలిసి దాన్ని బాగుచేశాయి. కోయంబత్తూరు దగ్గర లోతైన బోర్ల మీద పరీక్షించాకే తయారీ మొదలైంది. ఉగాండాలో యూ-2 అని పిలిచేది కూడా ఈ పంపునే.

పంపు గట్టిదే. కాని దాని మీద పడే బరువు చూడండి. మన దేశంలో చాలాకాలం నడిచిన లెక్క ప్రకారం 250 మందికి ఒక బోరింగు, మనిషికి రోజుకు 40 లీటర్లు. అంటే రోజుకు పది వేల లీటర్లు. 40 దెబ్బలకు 15 లీటర్లు వస్తాయి కాబట్టి రోజుకు ఇరవై ఆరు వేల దెబ్బలకు పైమాటే, ఏడాదికి దాదాపు కోటి. ఆ కోటి సార్లూ నేల కింద సిలిండరులో పైకీ కిందికీ రాసుకునేవి అరచేతిలో పట్టే రెండు వాషర్లు. వెనక తోలువి వేసేవారు, ఇప్పుడు నైట్రైల్ రబ్బరువి వస్తున్నాయి. అవి అరగడం లోపం కాదు. వాటి పనే అది.

మార్చడం దగ్గరే చిక్కు. మార్క్-2లో సిలిండరు పైపుల చివర ఉంటుంది. వాషరు మార్చాలంటే హ్యాండిలు, చైను విప్పి, పైన తొట్టి తీసి, ఒక్కో మూడు మీటర్ల పైపునూ పైకి లాగాలి. 30 మీటర్ల లోతులో పది పైపులు, పది రాడ్లు, లోపల నిలిచిన నీళ్లు, అన్నీ కలిసి సుమారు 150 కిలోలు. నలుగురు మనుషులు, పైపు జారకుండా పట్టే క్లాంపు, లిఫ్టింగ్ స్పానర్లు కావాలి. క్లాంపు సరిగా పట్టకపోతే పైపుల వరుస మొత్తం బోరులోకి జారిపోతుంది. తర్వాత దాన్ని గాలం వేసి తీయడం మామూలు మెకానిక్కు వల్ల అయ్యే పని కాదు. ఈ బాధ తప్పించడానికే మార్క్-3 వచ్చింది. అందులో పైపు 65 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, పైపులను కదపకుండా రాడ్లతోపాటు పిస్టన్‌ను, ఫుట్‌వాల్వును (పైకెక్కిన నీళ్లు కిందికి జారకుండా అడుగున ఆపే కవాటాన్ని) పైకి తీయవచ్చు. కాని పైపు బరువూ ఖరీదూ రెట్టింపు. కొలత చూసి ఎంచుకోవాల్సిన సంగతి ఇది. ఏ పంపు వేస్తున్నారు, ఎందుకు అని అడిగితే చెప్పలేని సంస్థకు ఆ పని తెలియదన్నట్టే.

ఆఫ్రికాలో ఇంకో రోగం ఉంది. చాలాచోట్ల భూగర్భజలం పుల్లన, పీహెచ్ 6.5 కన్నా తక్కువ. అలాంటి నీళ్లు గాల్వనైజ్డ్ పైపు మీది జింకు పూతను తినేస్తాయి. కొన్నాళ్లకు ఎర్రటి తుప్పు నీళ్లు. అన్నం రంగు మారుతుంది, బట్టలకు మరకలు పడతాయి, ఆడవాళ్లు మళ్లీ పాత మడుగుకే వెళతారు. పంపు చెడిపోలేదు, హ్యాండిలు ఆడుతూనే ఉంటుంది. సంస్థ నివేదికలో ‘పనిచేస్తోంది’ అనే ఉంటుంది. అలాంటి చోట స్టెయిన్‌లెస్ స్టీలు పైపులో, పీవీసీ పైపులో వేయాలి. అది తెలియాలంటే బోరు వేసినరోజే నీటిని పరీక్షించాలి. నల్గొండ ఫ్లోరైడ్ ఎరిగిన తెలుగువారికి ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు కంటికి కనిపించదు, నాలుకకు తెలియదు. బంగ్లాదేశ్‌లో విరేచనాల బారి నుంచి పిల్లలను కాపాడాలని మంచి మనసుతోనే లక్షల గొట్టపు బావులు వేశారు. నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం ఉందేమోనని పరీక్షించలేదు. 1993లో అది బయటపడేనాటికి కోట్లమంది ఆ నీళ్లే తాగుతున్నారు.

డబ్బు సంగతి మరీ ముఖ్యం. బోరింగు కొత్తగా ఉన్నప్పుడు నీటి సంఘం పెడతారు, ఇంటికింత అని వసూలు చేస్తారు. ఏడాదిపాటు పంపు చెడిపోదు, వసూలు ఆగిపోతుంది, ఉన్న డబ్బు ఎవరికో చేబదులు వెళుతుంది. సంఘంలో పెద్దమనుషులకు ఇంట్లో మోటారు బోరు ఉంటే పంపు ఆగినా వారికి తొందర ఉండదు. తొందరంతా కూలికి వెళ్లే ఇల్లాలిది. నీళ్ల కోసం రెండు గంటలు నడిచిన రోజున ఆమెకు పూట కూలి పోతుంది, లేదా పెద్దపిల్ల బడి మానేస్తుంది. పట్నంలో దుకాణదారు వాషర్లు ఎందుకు పెట్టడం లేదంటే ఒక్కో పంపుకు ఏడాదికి ఒకటో రెండో కావాలి, అంతకు సరుకు పెట్టి ఏం లాభం? పైగా ఒక్కో సంస్థ ఒక్కో రకం పంపు తెస్తే దేని వాషరు దేనికీ సరిపోదు.

దీనికి మందు ఉంది. కెన్యాలోని కితుయి ప్రాంతంలో చేతిపంపు హ్యాండిళ్లలో చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టి, పంపు ఆగితే ఫోన్ నెట్‌వర్క్ ద్వారా మెకానిక్కులకు తెలిసే ఏర్పాటు చేశారు. అంతకుముందు మరమ్మతుకు సగటున 27 రోజులు పట్టేది, మూడు రోజుల లోపుకు వచ్చింది. అక్కడ గ్రామాలు కట్టే రుసుముకు దాతల సొమ్ము తోడై మెకానిక్కు జీతం నడుస్తుంది. రిబ్బను కత్తిరించడానికి ఏమీ ఉండదు కాబట్టి ఇలాంటి పనికి చందా పోగవడం కష్టం. మా దృష్టిలో అన్నిటికంటే ముందు ఇవ్వాల్సింది దీనికే. పిల్లలు రంగులరాట్నం తిప్పితే నీళ్లొస్తాయన్న ‘ప్లేపంపు’కు 2006లో అమెరికాలో కోట్ల డాలర్లు ప్రకటించారు. ఒక్కోటి సుమారు 14,000 డాలర్లు. పిల్లలు ఆడని వేళ ఆడవాళ్లే ఆ చక్రాన్ని వంగి తిప్పాల్సి వచ్చింది, చెడిపోతే బాగుచేసేవారు లేరు. నాలుగేళ్లు తిరక్కుండానే ఆ పథకం ఆగింది.

నిలిచి ఉండటం ఎలాగో తెలియాలంటే అనంతపురం చూడవచ్చు. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడ పని మొదలుపెట్టి, 2009లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నారు. దూరదేశపు దాతల సొమ్ము నలభై ఏళ్లు ఒకే జిల్లాను పట్టుకుని ఉంటే ఆసుపత్రులు, ఇళ్లు, బడులు ఒకదాని వెనక ఒకటి లేచాయి. మూడేళ్ల ప్రాజెక్టులతో అది జరిగేది కాదు.

సంపాదకులకు ఒక విన్నపం. సేవాసంస్థలు బోరింగులు ప్రారంభించినప్పుడు కొబ్బరికాయ కొట్టే ఫొటో మీ జిల్లా పేజీల్లో వస్తుంటుంది. ఏడాది తర్వాత అదే విలేకరిని ఒక బిందెతో, తెల్లవారకముందే అక్కడికి పంపండి. మొదటి నీళ్లు రావడానికి పది పదిహేను దెబ్బలు ఖాళీగా పోతే ఫుట్‌వాల్వు కారుతోందని అర్థం. 15 లీటర్ల బిందె 40 దెబ్బలకు నిండాలి. డెబ్బైకి కూడా నిండకపోతే లోపల వాషర్లు అయిపోయాయి. చైనుకు గ్రీజు ఉందా, 17-19 నంబరు స్పానరు ఊళ్లో ఎవరి ఇంట్లో ఉంది, మెకానిక్కు ఫోన్ నంబరు ఎవరి దగ్గర ఉంది అని కూడా అడిగించి, ఆ సంస్థ పేరుతో సహా వేయండి.

— గ్రామీణ నీటి సరఫరా పనిలో ఉన్న కొందరు తెలుగువారు,
చెన్నై