జలాంతర్గామి రక్షణలో ఆ అతుకే కీలకం

సంపాదకులకు నమస్కారం.

విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డు నిర్మించిన, మునిగిన జలాంతర్గాముల సిబ్బందిని కాపాడేందుకు తోడ్పడే ‘నిస్తార్’ నౌక 2025 జులైలో నౌకాదళంలో చేరింది. అలాంటి నౌక నుంచి దిగే రక్షణ వాహనం, మునిగిన జలాంతర్గామిని ఎలా పట్టుకుంటుందో ప్రజలకు తెలియాలి. వాహనం అడుగున ఉండే గుండ్రని అంచు, జలాంతర్గామి తలుపు చుట్టూ ఉన్న నునుపైన లోహవలయంపై సరిగ్గా కూర్చున్నాక, మధ్యలో చిక్కిన నీటిని తోడేస్తే, బయటి సముద్రపు ఒత్తిడే రెండింటినీ బిగించి పట్టుకుంటుంది. వంద మీటర్ల లోతున అది ప్రతి చదరపు సెంటీమీటరుపై సుమారు 10 కిలోల బరువుతో సమానం. ఆ తర్వాతే తలుపులు తెరుస్తారు.

2000 ఆగస్టులో బారెంట్స్ సముద్రంలో రష్యా జలాంతర్గామి ‘కుర్స్క్’ మునిగినప్పుడు, ఆ దేశపు రక్షణ వాహనాలు పలుమార్లు దిగినా ఆ అతుకు కుదరలేదు. పేలుళ్ల తర్వాత 23 మంది నావికులు తొమ్మిదో విభాగానికి ప్రాణాలతో చేరుకున్నారన్న నిజం తలచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

అందుకే వాహనాలు సమకూర్చుకోవడంతో ఆగకుండా, ఒరిగిన జలాంతర్గామికి, బలమైన ప్రవాహంలో సైతం అతికే సాధన తూర్పు తీరంలో తరచుగా జరగాలనీ, ఆ వివరాలకు మీ పత్రిక చోటివ్వాలనీ కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం