శీనుకి: పెళ్లి డీవీడీలు కుదించే ముందు

ఒరేయ్ శీనూ,

ఇంట్లో ఉన్న పెళ్లి డీవీడీలన్నీ కుదించి దాచాలి, ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగావు. పేర్లు చెప్తాను గానీ, ముందు ఒక మాట విను. కుదించిన ఫైలు చూసుకోవడానికే, దాచుకోవడానికి కాదు. మామూలు డిస్కు నిండా ఉన్నా 4.7 జీబీ. ఒక టీబీ హార్డ్‌డిస్కులో అలాంటివి రెండొందలు ఉన్నవున్నట్టే పడతాయి. కాబట్టి ప్రతి డిస్కుకీ ముందు ఐఎస్ఓ (డిస్కు మొత్తాన్నీ ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా తీసిన నకలు) తీసి పక్కన పెట్టు. కుదింపులో పోయిన వివరం మళ్లీ రాదు. అసలు చేతిలో ఉంటే మాత్రం ఎన్నిసార్లయినా కొత్తగా చేసుకోవచ్చు.

ఐఎస్ఓ తీయడానికి విండోస్‌లో ఇమ్‌గ్‌బర్న్ చాలు. మధ్యలో రీడ్ ఎర్రర్ వచ్చి ఆగిందనుకో, అదే డ్రైవులో పదేపదే తిప్పకు. మెత్తటి నూలుగుడ్డతో డిస్కుని మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడువు. గుండ్రంగా తుడిస్తే పడే గీత ట్రాక్ వెంబడే సాగుతుంది, దాన్ని సరిదిద్దుకోవడం డ్రైవుకి చాలా కష్టం. అప్పటికీ రాకపోతే లినక్స్‌లో డీడీరెస్క్యూ వాడు. సెక్టర్ (డిస్కులో డేటా ఉండే ఒక్కో చిన్న ముక్క) సైజు 2048 ఇవ్వు, మ్యాప్ ఫైలు పేరు మర్చిపోకు. అది ముందు బాగున్న చోట్లన్నీ చదివేసి, చదవలేనివి ఎక్కడున్నాయో మ్యాప్‌లో రాసుకుంటుంది. తర్వాత అదే మ్యాప్‌తో వేరే డ్రైవులో నడిపితే మిగిలిపోయిన సెక్టర్ల మీదే పనిచేస్తుంది. ఒక డ్రైవు చేతులెత్తేసింది ఇంకోటి చదవడం మామూలే, అందుకే ఎవరి దగ్గరైనా పాత డ్రైవు ఉంటే అడిగి తెచ్చుకో.

ఇక కుదింపుకి నా ఓటు హ్యాండ్‌బ్రేక్‌కే. ఉచితం, ఐఎస్ఓని నేరుగా తెరుస్తుంది. డిస్కులో వీడియో ఉండే వీఓబీ ఫైళ్లని మాత్రం విడివిడిగా అందులోకి లాగి పడెయ్యకు. ఒకే వీడియోని డీవీడీలో ఒక్కో జీబీ చొప్పున ముక్కలు చేసి పెడతారు. ముక్కకో ఫైలు చేస్తే అతుకు దగ్గర మాట తెగుతుంది, ఒక్కోసారి చప్పుడు బొమ్మకి వెనకబడుతుంది. డీవీడీ ష్రింక్ అని ఎవరైనా చెప్తే పట్టించుకోకు. 8.5 జీబీ డిస్కుని 4.7లో ఇరికించి మళ్లీ బర్న్ చేసుకునే రోజుల్లో అది గొప్పదే, కానీ అది చేసేది డీవీడీలో ఉండే అదే పాత ఎంపెగ్-2 వీడియోని ఇంకా పలచన చెయ్యడం.

హ్యాండ్‌బ్రేక్‌లో ముందే అమర్చి ఉన్న సెట్టింగుల్లో, అంటే ప్రీసెట్లలో ‘హెచ్‌క్యూ 576పీ25 సరౌండ్’ ఎంచుకో. మన డిస్కులు పాల్ అనే మన దేశపు టీవీ పద్ధతివి, 720×576, సెకనుకి 25 ఫ్రేములు. అయితే పెళ్లి వీడియోలు దాదాపు అన్నీ ఇంటర్‌లేస్డ్‌గా తీసినవి. అంటే ఒక్కో ఫ్రేములో వేర్వేరు క్షణాల సగం బొమ్మలు రెండుంటాయి. కంప్యూటర్లో చూస్తే తలంబ్రాలు పోసే చేతుల అంచులకి దువ్వెన పళ్లలా గీతలు కనిపించేది అందుకే. ఫిల్టర్లలో డీఇంటర్‌లేస్‌కి బీడబ్ల్యూడిఫ్ పెట్టి, దాని కింద ‘బాబ్’ ఎంచుకో, ఇంటర్‌లేస్ డిటెక్షన్ ఆపెయ్. ఆ రెండు సగాలూ రెండు ఫ్రేములై, 25 కాస్తా 50 అవుతాయి, కదలిక టీవీలో చూసినంత సాఫీగా వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ ప్రీసెట్ ఫ్రేమ్ రేటుని 25కి కట్టేసి ఉంచుతుంది. వీడియో ట్యాబ్‌లో దాన్ని 50 చెయ్యకపోతే బాబ్ చేసినదంతా వృథా.

ఎన్‌కోడర్ ఎక్స్264, స్పీడ్ ‘స్లో’, ఆర్ఎఫ్ (నాణ్యత అంకె, తగ్గేకొద్దీ నాణ్యతా సైజూ పెరుగుతాయి) 19 లేదా 20. ఆర్ఎఫ్ ఆరు తగ్గిస్తే సైజు ఇంచుమించు రెట్టింపవుతుంది, కాబట్టి ‘ఇంకాస్త మంచిది’ అంటూ 14కి పోకు, డిస్కులోనే లేని వివరం ఎక్కడి నుంచి వస్తుంది? ఎక్స్265 సైజు తగ్గిస్తుంది, కానీ నాన్నగారి గదిలోని పాత టీవీలు దాన్ని ఆడించవు. గ్రాఫిక్స్ కార్డు ఎన్‌కోడర్లు చకచకా ముగిస్తాయి గానీ, అదే నాణ్యతకి ఫైలు పెద్దదవుతుంది. ఓసారి చేసే పనికి ఆ తొందర అనవసరం.

వీహెచ్‌ఎస్ క్యాసెట్ నుంచి ఎక్కించిన డిస్కులైతే ఫైలు ఆశ్చర్యంగా పెద్దదొస్తుంది. చీమలు పాకినట్టుండే ఆ నాయిస్‌నే ఎన్‌కోడర్ వివరమనుకుని బిట్లు పోస్తుంది. ఎన్ఎల్‌మీన్స్ అనే నాయిస్ తగ్గించే ఫిల్టర్‌ని ‘లైట్’లో పెట్టు, అంతకు మించి వద్దు, పట్టుచీర జరీ మైనంలా కరిగిపోతుంది. అలాంటి డిస్కుల్లో అడుగున వణికే గీతల పట్టీ ఉంటుంది, దాన్ని చేత్తో క్రాప్ చెయ్యి.

డల్లాస్‌లో అక్కకి ఎంపీ4 చేసి పంపు, ఆడియో ఏఏసీ 160. మన పాల్ డిస్కు అక్కడి ప్లేయర్లు చాలావాటిలో ఆడదు, ఫైలుకి ఆ బాధ లేదు. అమెరికా కదా అని ఫ్రేమ్ రేటు 30 చెయ్యకు, కదలిక తడబడుతుంది.

మొత్తం డిస్కు మీద కూర్చునే ముందు బాగా కదలికలున్న చోటు, ఊరేగింపో బరాతో, ఒక నిమిషం ప్రివ్యూ తీసి టీవీలో చూడు. గీతలున్న డిస్కులు చివరికి పెట్టుకో. డీడీరెస్క్యూ ఎక్కడైనా మొండికేస్తే ఆ మ్యాప్ ఫైలు నాకు పంపు, చూస్తాను.

నీ
రఘు