ఎమ్మార్పీ మీద 10 శాతం అని రాసుకున్నాం, స్టేట్‌మెంట్‌లో లెక్క వేరేగా ఉంది

రాయల్టీ సెక్షన్ మేనేజర్ గారికి,

నమస్తే అండి. విజయనగరం నుంచి రాస్తున్నాను, 2020లో మీరు వేసిన డేటా స్ట్రక్చర్స్ పుస్తకం నాదే. ఈ ఏడాది స్టేట్‌మెంట్ చూశాక ఏటండీ ఇది అనిపించింది. అగ్రిమెంట్‌లో ఎమ్మార్పీ మీద 10 శాతం అని క్లియర్‌గా ఉంది, పుస్తకం రేటు 450, అంటే కాపీకి 45 రావాలి. మీరేమో డిస్ట్రిబ్యూటర్‌కి ఇచ్చిన 40 శాతం డిస్కౌంట్ తీసేసి మిగిలిన 270 మీద లెక్క కట్టి 27 వేశారు. నెట్ రిసీట్స్ మీద, అంటే డిస్కౌంట్ పోను చేతికొచ్చిన డబ్బు మీద ఇచ్చే పబ్లిషర్లు ఉన్నారు, కాదనను, కానీ అలా అయితే సంతకం పెట్టించుకునేటప్పుడే చెప్పాలి కదండీ, డిస్కౌంట్ ఎంతివ్వాలో మీరే డిసైడ్ చేస్తారు, నన్నెవరూ అడగరు, మరి ఆ కోత నాకెందుకు.

ఇంకోటి ఈబుక్. ఇక్కడ ఒక ఇంజినీరింగ్ కాలేజీ డిజిటల్ లైబ్రరీలో పిల్లలు నా పుస్తకం ఓపెన్ చేసి నాకే చూపించారు, మీ స్టేట్‌మెంట్‌లో ఈబుక్ దగ్గర సున్నా ఉంది! లైబ్రరీలకి ప్యాకేజీగా అమ్మినప్పుడు ఒక్కో పుస్తకానికి ఎంత వాటా వేశారో నాకు ఇంతవరకు చెప్పలేదు. ప్రింటు కొనే పిల్లలు తగ్గిపోయారు కాబట్టి టెక్నికల్ పుస్తకాలు రాసేవాళ్లకి అసలు నష్టం ఇక్కడే అని నా అభిప్రాయం.

టీడీఎస్ (ముందే కోసుకునే ఇన్‌కమ్ ట్యాక్స్) కూడా 10 శాతం పట్టుకున్నారు. ఏప్రిల్ 2025 నుంచి రాయల్టీ ఏడాదికి 50,000 దాటితేనే పట్టుకోవాలి, నాది అందులో సగం కూడా లేదు. పోనీ పట్టుకున్నారు, నా పేరు మీద కట్టిన ట్యాక్స్ చూపించే 26ఏఎస్‌లో కనపడాలి కదా, అదీ లేదు.

యూనివర్సిటీ పాత సిలబస్ ఆర్20 పోయి కొత్తది ఆర్23 వచ్చినప్పుడు చాప్టర్లు తిరగరాసి, ప్రోగ్రామ్‌లన్నీ మళ్లీ రన్ చేసి చూసి ఇచ్చాను, దానికి విడిగా పైసా అడగలేదు. మా కుర్ర లెక్చరర్లు మమ్మల్నీ రాయమంటారా సార్ అంటే ఏం చెప్పాలో తెలీక ఊరుకుంటున్నాను, చాలా బాధగా ఉంటుందండీ.

మొదట్నుంచి ఎన్ని కాపీలు వేశారు, ఎన్ని అమ్మారు, అమ్ముడుపోక తిరిగొచ్చిన రిటర్న్స్ ఎన్ని, ఈబుక్ లైసెన్సులు ఎవరికిచ్చారు, ఇవన్నీ నెలలోగా పంపండి. కాపీకి 18 చొప్పున తేడా, పట్టుకున్న టీడీఎస్ నా అకౌంట్లో వెయ్యండి. అగ్రిమెంట్‌లో పుస్తకం హక్కులు మీకు ఎన్నేళ్లో గడువు రాయలేదు, కాపీరైట్ చట్టం 1957 సెక్షన్ 19 ప్రకారం గడువు రాయకపోతే 5 ఏళ్లే, అవి అయిపోయాయి. లెక్క తేలేదాకా కొత్త ప్రింటు వెయ్యొద్దు, నేను ఒప్పుకోను.

అగ్రిమెంట్, స్టేట్‌మెంట్, 26ఏఎస్ కాపీలు దీంతోపాటే పెట్టాను.