జీన్ పెట్టేస్తే సరిపోదండీ, ప్రోటీన్ ఎక్కడికెళ్తుందో కూడా రాయాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

జీఎం (జన్యుమార్పిడి చేసిన) మొక్కల మీద మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను, బాగానే ఉంది కానీ బ్యాక్టీరియా జీన్ తెచ్చి మొక్కలో పెట్టారు, కలుపు మందుకి అది తట్టుకుంది అని రెండు ముక్కల్లో తేల్చేశారు. అసలు కథంతా ఆ రెండు ముక్కల మధ్యలోనే ఉంది.

గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొడితే మొక్కలో ఆగిపోయేది ఈపీఎస్‌పీఎస్ అనే ఎంజైమ్. ఫినైల్ అలనిన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆసిడ్స్ (ప్రోటీన్లు కట్టే ముక్కలు) తయారవ్వాలంటే అది కావాలి, ఆ పని జరిగేది ముఖ్యంగా క్లోరోప్లాస్ట్‌లో, అంటే మొక్క కణంలో పచ్చగా ఉండే భాగంలో. మందుకి లొంగని రకం ఎంజైమ్ ఆగ్రోబాక్టీరియం సీపీ4 అనే స్ట్రెయిన్‌లో దొరికింది, సరే, కానీ బ్యాక్టీరియాకి క్లోరోప్లాస్టే ఉండదు కదా, మరి దాని ప్రోటీన్‌కి అక్కడికెళ్లే దారి ఎలా తెలుస్తుంది? ఉన్నదున్నట్టు పెడితే సైటోప్లాజంలో (కణం లోపలి ద్రవంలో) తయారై అక్కడే ఉండిపోతుంది. అందుకే సోయాలో పెట్టేటప్పుడు పెటూనియా మొక్క నుంచి ట్రాన్సిట్ పెప్టైడ్ అనే చిన్న ముక్క తీసి దాని ముందు అతికించారు, అడ్రస్ చీటీ లాగా అన్నమాట. క్లోరోప్లాస్ట్ పొరల్లో టాక్, టిక్ అనే ద్వారాలు ఉంటాయి, చీటీ చూసి లోపలికి లాక్కుంటాయి, లోపలికెళ్లాక ప్రోటియేజ్ అనే ప్రోటీన్లని కోసే ఎంజైమ్ ఆ చీటీని కత్తిరించేస్తుంది.

గింజలో బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఏగా మారేది) తయారయ్యేలా చేసి 2000లో తెచ్చిన గోల్డెన్ రైస్ అనే జీఎం వరిలోనూ ఇదే సంగతి. బీటా కెరోటిన్‌కి ముడిసరుకు ఉండేది గింజలోని ప్లాస్టిడ్స్‌లో (క్లోరోప్లాస్ట్ కూడా ఆ జాతిదే), అందుకని బ్యాక్టీరియా నుంచి తెచ్చిన సీఆర్‌టీఐ ఎంజైమ్‌కి బఠాణీ మొక్కలోని రుబిస్కో అనే ఎంజైమ్ చిన్న సబ్‌యూనిట్ (భాగం) తాలూకు చీటీ తగిలించారు. డాఫోడిల్ అనే పూల మొక్క నుంచి తెచ్చిన ఇంకో ఎంజైమ్‌కి మాత్రం ఆ అవసరం రాలేదు, అది మొక్కదే కాబట్టి సొంత చీటీతోనే వచ్చింది!

చీటీ ఎప్పుడూ ముందే ఉండాలనేం లేదు. పెరాక్సిజోమ్ అనే ఇంకో కణభాగానికి పంపాలంటే ప్రోటీన్ చివర సెరిన్, లైసిన్, లూసిన్ అని మూడే మూడు అమైనో ఆసిడ్స్ చాలు. ప్రోటీన్‌లకి ఇలా సొంత సిగ్నల్స్ ఉంటాయని చూపించినందుకే గుంటర్ బ్లోబెల్ అనే శాస్త్రవేత్తకి 1999లో నోబెల్ ఇచ్చారు.

ఈసారి ఇలాంటి వ్యాసం వేస్తే జీన్ పేరు రాసి వదిలేయకుండా ఆ ప్రోటీన్ కణంలో ఎక్కడ చేరుతుందో ఒక్క లైను రాయించండి. ఇవి తింటే సేఫేనా అని అడిగేవాళ్లకి కూడా అది కావాలి, ఎందుకంటే క్లోరోప్లాస్ట్‌లో చివరికి మిగిలేది చీటీ తెగిపోయిన ప్రోటీన్, అతికించిన జీన్ మొత్తం చూసి లెక్కేస్తే వచ్చే సైజు దానికి కలవదు, టెస్ట్ చేయాల్సింది ఆ తెగాక మిగిలినదాన్నే.

ఇట్లు,
మీ పాఠకుడు