క్యూబా చక్కెర, మన రొయ్యలు

సంపాదకులకు,

నమస్కారం. క్యూబాలో దేశమంతటా కరెంటు పోయి జనం చీకట్లో మగ్గుతున్న తీరుపై మీ పత్రికలో ఇటీవల వచ్చిన సంపాదకీయాన్ని, దానికి జవాబుగా అచ్చయిన పాఠకుల లేఖలను చదివాను. ఆ దుస్థితికి అక్కడి ప్రభుత్వ విధానాలే కారణమని మీరు తేల్చారు. తప్పంతా అమెరికా ఆంక్షలదేనని లేఖ రాసినవారిలో ఒకరు అంతే గట్టిగా వాదించారు. రెండు వాదనల్లోనూ నిజం ఉంది. అయితే రొయ్యలు పెంచే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉండి క్యూబా గురించి ఆలోచించేవారు తప్పక ఆగి చూడవలసిన ఘట్టం ఒకటి ఉంది. అది 1960 నాటి వేసవి. దాన్ని ఇరుపక్షాలూ ఒక్క వాక్యంలో కూడా ప్రస్తావించలేదు.

ముందు కొంత పూర్వకథ చెప్పాలి. క్యూబా తీరానికీ అమెరికాలోని కీ వెస్ట్ దీవికీ మధ్య ఉన్న సముద్రం సుమారు 145 కిలోమీటర్లు. మనకు నెల్లూరు నుంచి చెన్నై అంతకన్నా దూరం. స్పెయిన్ పాలన మీద క్యూబన్లు 1868లో మొదలుపెట్టిన పోరాటం ఆగుతూ సాగుతూ ముప్పై ఏళ్ళు నడిచింది. అందులో ప్రాణమిచ్చిన హోసే మార్తీ కవి, పత్రికా రచయిత. చాలా కాలం న్యూయార్క్‌లో ఉండి ఆ దేశాన్ని దగ్గరగా చూసినవాడు. 1895 మేలో యుద్ధభూమిలో చనిపోవడానికి ముందురోజు ఒక మిత్రుడికి రాస్తూ పూర్తి చేయలేకపోయిన ఉత్తరంలో, స్పెయిన్ పోయాక అమెరికా వచ్చి కూర్చుంటుందేమోనన్న భయాన్ని ఆయన దాచుకోలేదు. జరిగింది కూడా దాదాపు అదే. 1898లో హవానా రేవులో అమెరికా యుద్ధనౌక ‘మెయిన్’ పేలిపోవడంతో అమెరికా యుద్ధంలోకి దిగింది, స్పెయిన్ ఓడింది, ఆ ఏడాది డిసెంబరులో పారిస్‌లో సంధి కుదిరింది; ముప్పై ఏళ్ళు పోరాడిన క్యూబన్లకు మాత్రం ఆ సంధి బల్ల దగ్గర ఒక్క కుర్చీ కూడా వేయలేదు. 1902లో స్వాతంత్ర్యం ఇచ్చేటప్పుడు సైతం, తాను అవసరమనుకున్నప్పుడు జోక్యం చేసుకునే హక్కును ప్లాట్ సవరణ పేరుతో అమెరికా ఆ దేశ రాజ్యాంగంలోనే రాయించుకుంది. ఆ సవరణ 1934లో రద్దయింది కానీ 1903లో లీజుకు తీసుకున్న గ్వాంటానమో స్థావరం ఈనాటికీ అమెరికా చేతిలోనే ఉంది. అద్దెగా ఏటా పంపే 4,085 డాలర్ల చెక్కును క్యూబా మార్చుకోదు. (1959లో వచ్చిన మొదటి చెక్కును మాత్రం విప్లవం తాలూకు హడావిడిలో మార్చేశారట.)

ఆ అరవై ఏళ్ళలో దేశమంతా చెరకు తోటగా మారింది. ఎగుమతి ఆదాయంలో సుమారు ఐదింట నాలుగు వంతులు చక్కెరదే. అందులో పెద్ద భాగాన్ని, ఏటా ఇంత కొంటామని ముందే చెప్పే కోటా పద్ధతిలో, బయటి మార్కెట్ కంటే మంచి ధర ఇచ్చి కొన్నది అమెరికాయే. మిల్లులు, కరెంటు, టెలిఫోన్లలో అధిక భాగం కూడా అమెరికా కంపెనీల చేతిలోనే ఉండేది. నరుకుడు నడిచే నాలుగైదు నెలలు కూలీలకు చేతినిండా పని. మిగతా ఏడాది అప్పులు, పస్తులు. చెరకును నరికాక ఆపుకోవడానికి వీలుండదు, ఒకటి రెండు రోజుల్లో గానుగకు చేరకపోతే తీపి తగ్గిపోతుంది. అందువల్ల ధర చెప్పేది ఎప్పుడూ కొనేవాడే.

ఇక ఆ వేసవి. 1959 జనవరి 1న నియంత బాటిస్టా పారిపోయాక ఫిదెల్ కాస్ట్రో నాయకత్వంలో వచ్చిన విప్లవ ప్రభుత్వం అదే ఏడాది భూసంస్కరణ చట్టం తెచ్చింది. 1960 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో చక్కెర, ముడిచమురు ఒప్పందం చేసుకుంది. తక్కువ ధరకు వచ్చిన ఆ రష్యా చమురును శుద్ధి చేయబోమని హవానా, సాంటియాగోలలో రిఫైనరీలున్న ఎస్సో, టెక్సాకో, షెల్ కంపెనీలు మొండికేశాయి. ప్రభుత్వం ఆ రిఫైనరీలను స్వాధీనం చేసుకుంది. జూలై 6న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆ ఏడాదికి ఇంకా మిగిలి ఉన్న క్యూబా చక్కెర కోటాలో ఏడు లక్షల టన్నులకు కోత పెట్టాడు. ఒకరు ఒకటి చేస్తే మరొకరు రెండు చేస్తూ, అక్టోబరుకల్లా అమెరికా ఎగుమతులు ఆగాయి, 1962 ఫిబ్రవరికి వ్యాపారమంతా ఆగిపోయింది. ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టే ముందు కెనెడీ తన కోసం పన్నెండు వందల క్యూబా చుట్టలు కొని తెప్పించుకున్నాడని ఆయన పత్రికా కార్యదర్శి సాలింజరే తరువాత చెప్పుకున్నాడు. పొగాకు పండించే మన మెట్ట రైతులకు ఇందులోని రుచి వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు 2025 ఆగస్టును దీని పక్కన పెట్టి చూడండి. రష్యా చమురు కొన్నందుకు శిక్షగా మన సరుకుల మీద అమెరికా అదనంగా 25 శాతం సుంకం వేసి మొత్తం 50 శాతానికి చేర్చింది. అప్పటికి మన దేశపు రొయ్యలకు అన్నిటికంటే పెద్ద కొనుగోలుదారు ఆ దేశమే. చమురు కొన్న కంపెనీలు ఎక్కడివో, ఆ బేరంలో మిగిలిన లాభం ఎవరిదో గానీ, దెబ్బ వచ్చి పడింది ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు మండలాల గుంట గట్ల మీద. పట్టుబడికి వచ్చిన వనామీ రకం రొయ్యను తీయకుండా ఉంచితే రోజుకింత మేత, నీటికి గాలి అందించే ఏరేటర్లకు కరెంటు, కరెంటు పోతే డీజిలు. పైగా తెల్లమచ్చ తెగులు వస్తుందన్న భయం. తీస్తే కిలోకు ఎన్ని తూగుతాయన్న కౌంటును బట్టి కంపెనీ ఏజెంటు ఫోనులో చెప్పిన ధర. ఎకరాల లెక్కన కౌలు కట్టి, మేత దుకాణంలో అప్పు పెట్టిన రైతుకు ఐసెన్‌హోవర్ పేరు తెలియకపోవచ్చు కానీ 1960 జూలైలో క్యూబా చెరకు రైతుకు ఎదురైన చిక్కు ఏమిటో మనందరికంటే బాగా తెలుసు. ఆ శాతాలు తరువాత మారవచ్చు, మారతాయి కూడా. ఒకే అంగడిని నమ్ముకున్న సరుకు బలహీనత మాత్రం సంతకాలతో మారేది కాదు.

భారతదేశం క్యూబా కాదని నాకు తెలుసు. మనకు సొంత మార్కెట్ ఉంది, వేరే కొనుగోలుదారులున్నారు, సుంకం వేరు, దిగ్బంధం వేరు. క్యూబా విషయంలో ఉద్దేశం కూడా వేరు: 1960 ఏప్రిల్‌లో అమెరికా విదేశాంగ శాఖ అధికారి లెస్టర్ మాలరీ రాసిన అంతర్గత నివేదికలో, కాస్ట్రోకు ప్రజల మద్దతు ఉంది కనుక డబ్బు, సరుకులు అందకుండా చేసి ఆకలి, నిరాశ పుట్టించి ప్రభుత్వాన్ని కూల్చాలని స్పష్టంగా ఉంది. మరుసటి ఏడాది అమెరికా వెనకుండి నడిపించిన బే ఆఫ్ పిగ్స్ దాడి విఫలమైంది. ఆ పైఏడాది అక్టోబరులో, క్యూబాలో సోవియట్లు పెట్టిన క్షిపణుల సంక్షోభం ప్రపంచాన్ని అణుయుద్ధం అంచుదాకా తీసుకువెళ్ళింది. ఈ రెండూ అందరికీ తెలిసినవే.

అంతగా ఎవరూ మాట్లాడనిది, క్యూబా ఆ తరువాత చేసిన పొరపాటు. ఒక కొనుగోలుదారు పోయాక పదిమందిని వెతుక్కోలేదు. ఆ స్థానంలో మరొకరిని కూర్చోబెట్టింది. సోవియట్లు చక్కెరను ఎక్కువ ధరకు కొన్నారు, చమురు పంపారు. కాస్ట్రో 1970లో కోటి టన్నుల చక్కెర తీస్తామని దేశాన్నంతా చెరకు తోటల్లోకి దింపి, ఎనభై అయిదు లక్షల టన్నుల దగ్గర ఆగిపోయాడు. ఆ ఏడాది మిగతా పనులన్నీ కుంటుపడ్డాయి. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయేసరికి క్యూబా ఆదాయం కొద్ది ఏళ్ళలోనే మూడో వంతు పడిపోయింది. బస్సులు ఆగాయి, చైనా నుంచి పది లక్షలకు పైగా సైకిళ్ళు తెప్పించారు, సరైన తిండి లేక 1992-93లో సుమారు యాభై వేలమందికి చూపు, నరాలు దెబ్బతిన్నాయి. ఆ రోజుల్లోనే, మన పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా, సీపీఎం నాయకుడు హర్‌కిషన్ సింగ్ సూర్జీత్ చొరవతో ఇక్కడి నుంచి పదివేల టన్నుల గోధుమలు ఓడలో క్యూబాకు వెళ్ళాయి. ఆటోల వెనుక చేగువేరా బొమ్మ వేయించుకునే మన యువతలో ఎందరికి ఈ సంగతి తెలుసో! (క్యూబా విప్లవంలో కాస్ట్రో సహచరుడైన చేగువేరా పుట్టింది అర్జెంటీనాలో అన్నది వేరే విషయం.)

నేటి జీవితం సంగతి. క్యూబన్లు మనలాగే అన్నం తినే జనం. నల్ల చిక్కుడు గింజలు కలిపి వండిన అన్నం వారికి ఇంటింటి వంట. అయినా తినే బియ్యంలో ఎక్కువ భాగం వియత్నాం వంటి దేశాల నుంచి రావలసిందే. అరవైల మొదటి నుంచి ప్రతి కుటుంబానికీ ఒక రేషన్ పుస్తకం ఉంది. సరుకు ఎప్పుడు వస్తుందో, ఈ నెలది ఈ నెలలో వస్తుందో లేదో డీలరుకే తెలియదు. మనిషికి రోజుకొకటి ఇచ్చే రొట్టె బరువును 2024 సెప్టెంబరులో 80 గ్రాముల నుంచి 60 గ్రాములకు తగ్గించారు. కరెంటు కోత అక్కడి వంటింటిని మనకంటే గట్టిగా ఎందుకు కొడుతుందో కూడా చెప్పాలి: 2005లో కాస్ట్రో కిరసనాయిలు పొయ్యిలు మాన్పించి ఇంటింటికీ చైనా తయారీ రైస్ కుక్కర్లు, కరెంటు పొయ్యిలు పంపిణీ చేయించాడు. 2024 అక్టోబరులో మతాంసాస్ దగ్గరి గితేరాస్ విద్యుత్ కేంద్రం ఆగి దేశమంతా చీకటైనప్పుడు, ఆ కుక్కర్లున్న ఇళ్ళలోనే బొగ్గుల కుంపట్లు వెలిగాయి.

దీనికి ఎవరు బాధ్యులు? క్యూబా రేవుకు వెళ్ళిన ఓడ ఆరు నెలలపాటు అమెరికా రేవుల్లో అడుగుపెట్టకూడదన్న 1992 చట్టం వల్ల ప్రతి సరుకుకూ రవాణా ఖర్చు పెరుగుతుంది. 1996 నాటి హెల్మ్స్-బర్టన్ చట్టం ఇతర దేశాల కంపెనీలను కూడా కోర్టులతో భయపెడుతుంది. ఉగ్రవాద పోషక దేశాల జాబితాలో పేరు ఉన్నంతకాలం బ్యాంకులు దగ్గరకు రావు. ఒబామా 2015లో ఆ పేరు తీసేస్తే ట్రంప్ 2021లో మళ్ళీ చేర్చాడు. ఇవి నిజాలు. చమురు విద్యుత్ కేంద్రాలు తుప్పు పడుతుంటే ప్రభుత్వ డబ్బు హోటళ్ళ నిర్మాణానికి పోయిందన్నదీ నిజమే. మన సీమతుమ్మలా మరబూ ముళ్ళపొద కమ్మేసిన సాగుభూములు లక్షల ఎకరాలున్నాయి. పండించిన రైతు దగ్గర కొనే ప్రభుత్వ సంస్థ సమయానికి డబ్బు ఇవ్వక, సరుకు ఎత్తక పంట పొలంలోనే కుళ్ళిన సందర్భాలున్నాయి. ఒకప్పుడు ప్రపంచానికి చక్కెర పంపిన దేశం ఇప్పుడు తనకోసం చక్కెర కొనుక్కుంటోంది. దీన్ని ఏ ఆంక్షా ఒంటరిగా చేయలేదు. ఒక వింత ఏమంటే, 2000 నాటి మినహాయింపు వల్ల క్యూబా అమెరికా నుంచే ముందుగా డబ్బు కట్టి గడ్డకట్టించిన కోడిమాంసం తెప్పించుకుంటోంది.

మీ సంపాదకీయంలో క్యూబన్లు అన్నిటినీ “మౌనంగా భరిస్తున్నారు” అన్న మాటతో మాత్రం నేను ఏకీభవించలేను. 1980లో మరియెల్ రేవు నుంచి లక్షా పాతిక వేలమంది, 1994లో తెప్పల మీద ముప్పై అయిదు వేలమంది అమెరికాకు బయలుదేరారు. 2021 జూలై 11న పదుల ఊళ్ళలో వీధుల్లోకి వచ్చినవారిలో వందలమందిని జైళ్ళకు పంపారు. కోటీ పది లక్షలు దాటిన జనాభా వలసల వల్ల కోటి దగ్గరికి వచ్చింది. ఇది మౌనం కాదు.

ఆంక్షలు ఎత్తివేయాలని ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ 1992 నుంచి దాదాపు ఏటా తీర్మానిస్తోంది. 2024లో 187 దేశాలు అనుకూలంగా, రెండే రెండు వ్యతిరేకంగా ఓటు వేశాయి. భారతదేశం అనుకూలపక్షమే. 2025లో అనుకూల ఓట్లు 165కి తగ్గాయి. ఇది మీ పత్రికలో లోపలి పేజీల్లో నాలుగు పంక్తుల వార్తగా మాత్రమే వస్తుంది. ఈసారి కాస్త విపులంగా ప్రచురించి, మన జిల్లాల రొయ్యలు ఏ దేశానికి ఎంతెంత వెళుతున్నాయో, దేశంలో అమ్ముడయ్యేది ఎంతో ఎగుమతి సంస్థల నుంచి లెక్క సేకరించి దాని పక్కనే వేయవలసిందిగా కోరుతున్నాను. ఆ లెక్క అడిగే రైతులకు ఇప్పటివరకు ఏజెంటు ఫోను తప్ప వేరే ఆధారం లేదు.

ఇట్లు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
కావలి, నెల్లూరు జిల్లా