సత్యానికి ఆటోనగర్ నుంచి

విజయవాడ,
అక్టోబరు

ఒరేయ్ సత్యం,

కెనడా నుంచి నువ్వు పంపిన టైరు ఫొటో చూశాను, ఉన్న టైర్లతోనే ఈ చలికాలం గడిపేద్దామనుకుంటున్నావని అర్థమైంది. ఫోన్లోనే చెప్పొచ్చు గానీ, సగం విని "సర్లేరా, చూద్దాం" అంటావు. రాసి పంపితే నువ్వు చదవకపోయినా చెల్లెమ్మ చదువుతుంది, నీ చేత కొనిపిస్తుంది.

ముందే చెప్పేస్తున్నా. వింటర్ టైర్లు, అంటే చలికాలానికని చేసినవి కొను, నాలుగూ కొను.

"జన్మలో మంచు చూడనివాడివి, నువ్వు నాకు చెప్పేదేంట్రా" అంటావని తెలుసు. నిజమే, రోహిణీ కార్తెలో కాలిపోయే తారురోడ్డే నాకు తెలిసిన రోడ్డు. కానీ పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి నా చేతుల్లో ఉండేది రబ్బరే కదా. మంచు సంగతి నీకు తెలుసు, రబ్బరు సంగతి నేను చెప్తా.

మీవాళ్లంతా మంచు మంచు అంటారు గానీ, అసలు గొడవ చలితోనే. సుమారు 7 డిగ్రీల కిందకి దిగేసరికి ఎండాకాలపు టైర్ల రబ్బరు బిగుసుకోవడం మొదలవుతుంది, డిసెంబర్లో సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టినట్టు. ఏడాదంతా వాడుకోమని అమ్మే ఆల్ సీజన్ టైరు ఇంకాస్త ఓర్చుకుంటుంది గానీ, మీ జనవరి చలికి అదీ గట్టిపడాల్సిందే. గట్టిపడిన రబ్బరు రోడ్డుని పట్టుకోదు, పైన మంచు ఉన్నా లేకపోయినా. మనకి ఆ బాధే లేదు, లంబసింగి పోతే తప్ప అంత చలి మనవాళ్లు ఎరగరు. వింటర్ టైరు రబ్బర్లో పాళ్లే వేరు. సహజ రబ్బరు, సిలికా ఎక్కువ వేసి, మైనస్ 20లో కూడా మెత్తగా ఉండేలా చేస్తారు.

షాపుకి వెళ్లినప్పుడు ఒక పని చెయ్యి. వింటర్ టైరు ట్రెడ్ మీద, అదే రోడ్డుకి ఆనే భాగం మీద, బొటనవేలితో గట్టిగా నొక్కి చూడు. బ్లేడుతో కోసినట్టు సన్నటి గాట్లు వందలకొద్దీ కనిపిస్తాయి, సైప్స్ అంటారు. నొక్కితే కాస్త విచ్చుకుంటాయి. అవే మంచుని కరిచి పట్టుకునేవి. ఇంకో తమాషా ఏంటంటే, వానాకాలంలో మనం టైరు గాడుల్లోంచి నీళ్లు ఎంత తొందరగా బయటికి పోతే అంత మంచిదనుకుంటాం. మంచులో అలా కాదు, గాడుల్లో కొంచెం మంచు ఇరుక్కుని ఉండాలి. మంచుకి మంచు బాగా అంటుకుంటుంది, ఆ పట్టుతోనే బండి ఆగుతుంది. చదివినప్పుడు నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఇక నీ ఫొటో. టైరు పక్కగోడ మీద ఎం ప్లస్ ఎస్ అని ఉంది, దాన్ని చూసుకునే నువ్వు ధైర్యంగా ఉన్నావు. అది బురదకీ మంచుకీ పనికొచ్చే గాడుల డిజైన్ ఉందని కంపెనీ వేసుకునే ముద్ర, అంతే. దానికోసం మంచు మీద నడిపి చూడక్కర్లేదు. నువ్వు వెతకాల్సింది మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు పువ్వు ఉన్న బొమ్మ. 1999లో అమెరికా, కెనడా టైర్ల సంఘాలు కలిసి పెట్టుకున్న గుర్తు. గట్టిపడిన మంచు మీద టైరుని పరీక్షించి, పోలిక కోసం పెట్టిన టైరుకి 100 మార్కులనుకుంటే దీనికి సుమారు 110, ఆపైన వస్తేనే ఆ బొమ్మ వేస్తారు. అయితే ఆ పరీక్ష బండి ముందుకి లాగడం మీదే, బ్రేకు మీద కాదు, గాజులాంటి ఐసు మీదా కాదు. కాబట్టి ఆ బొమ్మ ఉన్నవన్నీ ఒకటే అనుకోకు.

ఎందుకు చెప్తున్నానంటే, అక్కడ ఆల్ వెదర్ అని ఇంకో రకం అమ్ముతారు. ఆల్ సీజన్ కాదు, అది వేరే. కొండ బొమ్మ ఉంటుంది, ఏడాది పొడుగునా మార్చక్కర్లేదు. మీ ఆఫీసులో "మాకు అవే చాలు" అంటున్నవాళ్లు టొరంటో మధ్యలో ఉంటారు, పొద్దున్నే ఉప్పు చల్లి, మంచు ఎత్తేసిన రోడ్డు మీద మెల్లగా పోతారు. వాళ్లకి నిజంగానే చాలు, నేనూ అదే చెప్పేవాణ్ణి. నువ్వుండేది టొరంటోకి ఉత్తరాన బ్యారీలో. జార్జియన్ బే మీంచి వచ్చే గాలి నీళ్లని మోసుకొచ్చి మీ నెత్తిన మంచుగా కుమ్మరించే చోటు. అక్కణ్ణుంచి తెల్లారకముందే 400 హైవే ఎక్కి ఆఫీసుకి పోతావు. ఇద్దరి లెక్క ఒకటెలా అవుతుందిరా?

"నాది ఆల్ వీల్ డ్రైవ్" అని కూడా రాశావు, అంటే ఇంజన్ నాలుగు చక్రాలనీ తిప్పే బండి. అది బండిని కదిలించడానికి పనికొస్తుంది, ఆపడానికి కాదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకీ ఉంటాయి. ముందుకి బాగా లాగుతోంది కదా అని స్పీడు పెంచుతావు, ఆగాల్సి వచ్చేసరికి తెలుస్తుంది. ముందు రెండే మార్చి డబ్బు మిగుల్చుకుందామనే ఆలోచన అసలే వద్దు. ముందు చక్రాలు పట్టుకుంటాయి, వెనకవి జారిపోతాయి, మలుపులో బండి గిర్రున తిరుగుతుంది.

డబ్బంటావా, నొప్పి తెలుస్తుంది, కాదనను. కానీ ఈ జత నడిచే నెలల్లో ఆ జత విశ్రాంతిగా ఉంటుంది, రెండూ ఎక్కువ కాలం వస్తాయి. విడిగా ఇనుప రిమ్ములు కూడా తీసుకుంటే సీజన్ మారినప్పుడల్లా టైరు ఊడదీసి ఎక్కించే పని ఉండదు. ఊడదీసిన ప్రతిసారీ టైరు అంచు కొంత దెబ్బతింటుంది, మాకు తెలుసు ఆ సంగతి. పైగా 2016 నుంచి మీ ఒంటారియోలో వింటర్ టైర్లు వేసినవాళ్లకి ఇన్సూరెన్సువాళ్లు తగ్గింపు ఇవ్వాల్సిందే. అడక్కపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరేమో, అడుగు. పక్కనే క్యూబెక్‌లో అయితే ఎంచుకోవడమే లేదు, డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చట్టప్రకారం వెయ్యాల్సిందే.

ఏప్రిల్లో గుర్తుపెట్టుకుని తీసెయ్, బద్ధకించకు. ఆ మెత్త రబ్బరు వేడి రోడ్డు మీద ఇట్టే అరిగిపోతుంది, ఎండలో బ్రేకు కూడా సరిగ్గా పట్టదు.

గాలి సంగతి వేరే చెప్పాలి. మనవాళ్లు కొత్త కారు కొంటే దుర్గమ్మ గుడికి తీసుకెళ్లి నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కిస్తారు, ఆ తర్వాత గాలి చూసేవాడు మాత్రం ఉండడు. నాకు రోజూ ఇదే గోల. అక్కడ ఇంకా ప్రమాదం. చలి 5, 6 డిగ్రీలు పెరిగినప్పుడల్లా టైర్లో గాలి సుమారు ఒక పీఎస్ఐ పడిపోతుంది. 15 డిగ్రీల గ్యారేజీలో 33 కొట్టించి, మైనస్ 20లోకి బండి తీస్తే 27 కూడా ఉంటుందో లేదో. చలిలోనే, బండి నడపకముందు చూసుకో.

కొనేటప్పుడు టైరు పక్కగోడ మీద డీఓటీ అని మొదలయ్యే అక్షరాల వరస చివర నాలుగంకెలు చూడు. 3524 అంటే 2024లో 35వ వారంలో తయారైంది. పాత స్టాకు చూపించి రేటు తగ్గిస్తామంటే మొహమాటపడకు, వద్దను. టైరు వాడకపోయినా ఏళ్లు గడిస్తే రబ్బరు గట్టిపడుతుంది, నువ్వు డబ్బులు పెట్టేదే మెత్తదనానికి.

నీ డ్రైవర్ డోరు తీస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది, టైరు సైజు, గాలి లెక్క దాని మీదే ఉంటాయి. ఇవాళ రాత్రే ఫొటో తీసి పంపు. మొదటి మంచు పడ్డాక ఊరంతా షాపు ముందు లైను కడుతుంది, నవంబర్లోపు వేయించేసెయ్. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ శీను