పైపు గ్యాస్ వాసన వస్తే: ఈ నెల ఇంట్లో చేయాల్సిన పని

తల్లిదండ్రులకు నమస్కారం.

మన పిల్లల ఇళ్లలో కొన్నింటికి గ్యాస్ బండ పోయి పైపు లైను వచ్చింది. వంట చేసేవాళ్లకు పెద్ద తేడా తెలియదు. లీకైనప్పుడు మాత్రం రెండింటి తీరూ వేరు. మీరు పని నుంచి వచ్చేదాకా ఇంట్లో ఒంటరిగా ఉండే పిల్లలు మన బడిలో చాలామందే ఉన్నారు కనుక ఈసారి ఉత్తరం దీని గురించే.

పైపులో వచ్చేది సహజవాయువు, అందులో దాదాపు అంతా మీథేన్. అది గాలికన్నా తేలిక కాబట్టి పైకి లేచి కప్పు కింద, అటక మీద, ఫాల్స్ సీలింగ్ లోపల చేరుతుంది. బండలోని ఎల్‌పీజీ గాలికన్నా బరువు. నేలబారుగా పరుచుకుని గట్టు కింద, తూము దగ్గర నిలుస్తుంది. దోమలొస్తున్నాయని వంటింటి పై వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టిన ఇళ్లున్నాయి. పైపు గ్యాస్ ఉంటే ఆ అట్టముక్కను ఈరోజే తీసేయండి.

పైపు గ్యాస్ అనగానే 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో జరిగిన పేలుడు గుర్తొచ్చి కొందరు భయపడుతున్నారు. 20 మందికి పైగా చనిపోయిన ఘటన అది. అయితే అక్కడ పగిలింది ఊళ్ల మీదుగా గ్యాస్ తరలించే పెద్ద గొట్టం. వంటింటికి వచ్చేసరికి పీడనం 21 మిల్లీబార్ల దగ్గరికి తగ్గించి ఇస్తారు. ఇంట్లో ప్రమాదం ఎక్కువగా మూసిన గదిలో గ్యాస్ పోగవడం వల్ల వస్తుంది.

మీథేన్ గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం ఉన్నప్పుడే అంటుకుంటుంది. అందులో కలిపే ఘాటు వాసన అంతకు చాలా ముందే ముక్కుకు తగులుతుంది. ఆ కాస్త వ్యవధిని మనమే చేజేతులా పోగొట్టుకుంటాం. చీకటిగా ఉందని లైటు వేస్తాం, వాసన పోవాలని ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తాం. స్విచ్ వేసినా, ఆపినా లోపల నిప్పురవ్వ పుట్టవచ్చు. కాబట్టి వెలుగుతున్నవి వెలగనివ్వండి, ఆగినవి ఆగే ఉండనివ్వండి. ఇంకో సంగతి: కాసేపటికి ముక్కు ఆ వాసనకు అలవాటు పడుతుంది. వాసన తగ్గినట్టనిపిస్తే గ్యాస్ తగ్గిందని అనుకోకూడదు.

పెద్దపిల్లలకు ఈ వరుస నేర్పండి. పొయ్యి నాబ్‌లు కట్టేయాలి. దేవుడి దగ్గర దీపం, అగరొత్తి ఉంటే ఆర్పాలి. పొయ్యి దగ్గరున్న వాల్వ్ మూయాలి. తలుపులు, కిటికీలు తెరుచుకుంటూ బయటికి రావాలి. మీటరు దగ్గర ఇంకో వాల్వ్ ఉంటుంది, దారిలోనే ఉంటే దాన్నీ మూయాలి. పిడి పైపు వెంబడే ఉంటే గ్యాస్ వస్తున్నట్టు, పైపుకు అడ్డంగా ఉంటే ఆగినట్టు. పావు చుట్టు తిప్పితే చాలు. వాసన ఉక్కిరిబిక్కిరి చేసేంతగా ఉంటే వాల్వ్‌ల జోలికి పోకుండా నేరుగా బయటపడాలి. చిన్నపిల్లలకైతే ఒకటే మాట చెప్పండి: తలుపు తీసి బయటికొచ్చెయ్, పక్కింటి వాళ్లను పిలువు. కాలింగ్ బెల్ నొక్కకుండా తలుపు తట్టమనండి. లిఫ్టు ఎక్కకుండా మెట్ల మీదుగా దిగమనండి.

ఫోన్ బయట, ఇంటికి దూరంగా వచ్చాకే. పైపు గ్యాస్ కంపెనీ అత్యవసర నంబరు కోసం మీ బిల్లు చూడండి. బండ లీకైతే 1906. మంట లేస్తే 101 లేదా 112. లీకైన చోట మంట ఉంటే నీళ్లు పోసి ఆర్పబోకండి. సరఫరా ఆగకుండా మంట మాత్రమే ఆరితే, మండని గ్యాస్ గదంతా నిండుతుంది, అది ఇంకా ప్రమాదం. మూసిన వాల్వ్‌ను కంపెనీ మనిషి వచ్చి చూసేదాకా మళ్లీ తెరవకండి.

బండకు లేని చిక్కు ఒకటి పైపుకు ఉంది. బండ అయిపోతే అయిపోయినట్టే. పైపులో సరఫరా మధ్యలో ఆగి, దానంతటదే తిరిగి రావచ్చు. మంట ఆరిందని నాబ్ అలాగే వదిలేసి మీరు బయటికెళితే, గ్యాస్ మళ్లీ వచ్చి ఇల్లంతా నిండుతుంది. మంట ఎందుకు ఆరినా సరే, మొదట చెయ్యి నాబ్ మీదికి పోవాలి. ఊరెళ్లేటప్పుడు మీటరు వాల్వ్ మూసి వెళ్లండి.

స్నానాల గదిలో గ్యాస్ గీజర్ ఉన్నవాళ్లు దాన్ని బయటికి మార్పించండి. గాలి ఆడని గదిలో అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తలనొప్పి, వికారం, మత్తు వచ్చి మనిషి లోపలే పడిపోతాడు.

వచ్చే సోమవారం 6 నుంచి 10 తరగతుల పిల్లలకు ఒక కాగితం ఇస్తాం. మీ వంటింటి బొమ్మ గీసి, వాల్వ్‌లు ఎక్కడున్నాయో, అత్యవసర నంబరు ఏమిటో అందులో రాయించండి. వాల్వ్ పిడి పిల్లల చేతికి తిరుగుతోందో లేదో చూడండి. బిగుసుకుపోయి ఉంటే సుత్తితో కొట్టకుండా కంపెనీకి చెప్పండి. వాషింగ్ మెషిన్ వెనకో, కొత్త కప్‌బోర్డు లోపలో ఉండిపోతే అడ్డు తొలగించండి. ఒక్క మనవి: వాసన ఎలా ఉంటుందో చూపిద్దామని నాబ్ తిప్పి గ్యాస్ వదలకండి. కాగితాలు శనివారం లోపు తరగతి టీచరుకు చేరితే చాలు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు